ఊరణి వాలు

1864 ఆగస్టు 23

మునుసామి నాయుడి పత్తి ప్రెస్ కంపౌండులో ఈ పొద్దు మేస్త్రీగా చేరినాను. మరామత్తు డిపార్టుమెంటులో పద్దెనిమిదేళ్ళు చెరువు కట్టల మీద తిరిగి తిరిగి మోకాళ్ళు పోయినాయి. డైరీ రాసే అలవాటు అక్కడిదే. అక్కడ రాసింది ఇంజనీరు దొర చూసేవాడు. ఇది ఎవరికీ చూపించేది కాదు.

పని ఇది. అమెరికాలో యుద్ధం, అక్కడి పత్తి ఇంగ్లీషు సీమకు పోవడం లేదు. అందుకని మన పత్తికి ఇంత గిరాకీ. తిరుమంగళం రోడ్డు నిండా బండ్లే. బండ్లు నిలిపి పత్తి ఆరబోసే కళం ఉన్నది చాలదని మా మొదలాళి నాయుడు తూర్పున అయిదెకరాలు తీసుకున్నాడు. దాన్ని చెక్కి, చదును చేసి, దిమ్మిస కొట్టి, ఫిబ్రవరిలో, మాసి నెలకు, కొత్త పత్తి దిగేలోగా ఇవ్వాల.

ఆ అయిదెకరాలు నాకు బాగా తెలుసు. గరిక పెరిగిన వాలు. దాని కింద మా నల్లంపట్టి ఊరణి. మా ఊళ్ళో ఎక్కడ బావి తవ్వినా ఉప్పునీళ్ళే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఐప్పసి, కార్తిక వానలకు ఆ గరిక మీద జారి వచ్చిన నీళ్ళు ఊరణిలో నిలిస్తేనే ఏడాదంతా మాకు తాగే నీళ్ళు.

తెలిసే చేరినాను. నేను కాకపోతే ఇంకొకడు వస్తాడు, వాడికి ఊరణి సంగతి పట్టదు, నేనైతే చూసుకుంటాను అని నాకు నేను చెప్పుకున్నాను. ఇంటిపట్టున ఉండొచ్చు అన్నది కూడా ఉంది. అదే ఎక్కువేమో.

మా ఇంటామె తిరుమలమ్మాళ్ సంతోషించింది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో నాలుగు నెలలు వరసగా నేను ఇంట్లో ఉన్నది లేదు అన్నది.

ఆగస్టు 30

చైను పట్టి, లెవెల్ చూసినాను. గేటు నుంచి ఊరణి కట్టకు ఏడడుగుల రెండంగుళాల వాలు. పడమర గోదాము, ప్రెస్. ఉత్తరాన గవర్నమెంటు రోడ్డు. దక్షిణాన మిట్ట. నీళ్ళు పోవాలంటే తూర్పుకే పోవాల.

నల్లరేగడి. గరిక ఉన్నంత వరకు పట్టుకుని ఉంటుంది. గరిక తీస్తే ఒక్క వానకు అంబలి అయి పారుతుంది.

సెప్టెంబర్ 6

మొదలాళితో మాట్లాడినాను. వానలు అయినాక చెక్కుదాం, లేదా సగం ఇప్పుడు, సగం డిసెంబరు ఆఖరున మార్గళిలో అన్నాను. కింది అంచున నలభై అడుగుల గరిక అట్లే వదలాలని, దానికి పైన మట్టి దిగే గుంట ఒకటి పెద్దది తవ్వి, రాళ్ళు పేర్చిన డ్రెయిను పెట్టాలని చెప్పినాను. నీళ్ళు గుంటలో నిలిచి, మట్టి అడుక్కు దిగి, తేట నీళ్ళు గరిక మీదుగా ఊరణికి పోతాయి.

ఆయన మొత్తం విన్నాడు. చెడ్డ మనిషి కాదు. వినేటప్పుడు కళ్ళు మాత్రం బండ్ల మీద ఉన్నాయి. నలభై అడుగులంటే రెండు వరసల బండ్లు నిలబడే చోటు కదా మేస్త్రీ అన్నాడు. జనవరిలో, తై నెలకు, మద్రాసు నుంచి ఏజెంటు దొర వస్తున్నాడు, సగం కళం చూపిస్తే సగం మనిషిగా చూస్తాడు అన్నాడు.

సరి, చూద్దాం అన్నాడు. పద్దెనిమిదేళ్ళు ఆఫీసుల్లో విన్న మాటే. ఆ మాట తర్వాత ఎవరూ ఏమీ చూడరు.

సెప్టెంబర్ 14

మట్టి పని చేసే ఒడ్డర్లు వచ్చినారు. ముప్పై రెండు మంది, గాడిదలు, గుడిసెలకు ఈతచాపలు. వాళ్ళ పెద్ద రామక్కాళ్ అనే ఆమె. మొగుడు పోయినాక జట్టును తనే నడుపుతా ఉంది. నా వయసే ఉంటుంది. వాళ్ళదీ తెలుగే, మనదీ తెలుగే, అయినా ఒకరి మాట ఒకరికి రెండుసార్లు చెప్పుకోవాల్సి వస్తుంది.

గరిక మీద గడ్డపార దించే ముందు ఒక పిడికెడు మట్టి తీసి నోట్లో వేసుకుని ఉమ్మింది. కింద ఊరణి చూసింది. ఎవరి ఊరు సామీ అని అడిగింది. మాదే అన్నాను.

సెప్టెంబర్ 15

చెక్కడం మొదలు.

సెప్టెంబర్ 22

తిరుమలమ్మాళ్ అన్నం పెడతా అడిగింది, ఈ ఏడు ఊరణికి నీళ్ళు వస్తాయా అని. వస్తాయి, గుంట పెడుతున్నాం అన్నాను. నువ్వు ఉన్నావు కదా, అందుకే ఆడవాళ్ళు ఎవరూ భయపడటం లేదు అన్నది.

మజ్జిగ అడిగి లేచి చేయి కడుక్కున్నాను. మజ్జిగ తాగకుండానే.

సెప్టెంబర్ 29

ఇది రాయాల. రాయకపోతే తర్వాత ఇంకో విధంగా జరిగిందని నేనే నమ్మేస్తాను.

రోడ్డు ఓవర్సీరు వచ్చినాడు. ఒక్క చుక్క కంపౌండు నీళ్ళు గవర్నమెంటు రోడ్డు మీద పడకూడదు, నీళ్ళు ఎట్లా పోతాయో ప్లాను రాసి దస్కతు పెట్టి ఇవ్వండి అన్నాడు. మొదలాళి నన్ను పిలిచినాడు. గరిక అంచు పన్నెండు అడుగులు వదులుతా అన్నాడు, నలభై కాదు. గుంట నేను అడిగినదాంట్లో మూడో వంతు. ఇది చాలుతుందా మేస్త్రీ అని అడిగినాడు.

చాలదు. అది నాకు అప్పుడే తెలుసు. నోట్లోకి ఆ మాట వచ్చింది కూడా. చెప్తే మళ్ళీ మొదటి నుంచి చెప్పాల, ఓవర్సీరు ముందర చెప్పాల, ఇంకో మేస్త్రీని పిలుస్తారు, నేను మళ్ళీ ఏ మేలూరు పక్కనో చెరువు కట్ట మీద గుడిసెలో పడుకోవాల.

చాలుతుంది అన్నాను. ప్లాను మీద అయ్యసామి అని దస్కతు పెట్టినాను. అక్షరాలు చక్కగా వచ్చినాయి.

అక్టోబర్ 5

చెక్కిన మట్టి కొండ మాదిరి అయింది. దక్షిణపు మిట్ట మీద పోయమన్నాను. అటు బండ్ల దారి వేస్తున్నారు, కింది అంచున పోయండి అని మొదలాళి మనిషి చెప్పి పోయినాడు. అంటే సరిగ్గా గుంటకు పైన.

రామక్కాళ్ నా దగ్గరికి వచ్చి నిలబడింది. పోయమంటారా అన్నది. పోయండి అన్నాను. ఆమె తట్ట దించలేదు. వాన వస్తే ఇది నడుస్తుంది సామీ అన్నది. వానకు ముందు ఎత్తించేద్దాం అన్నాను. ఎప్పుడు అని అడిగింది.

నేను షెడ్డులోకి పోయినాను.

అక్టోబర్ 7

మోకాళ్ళు. ఏమీ రాయలేను.

అక్టోబర్ 12

మొదటి వాన. అరగంట. గుంట పని చేసింది! మట్టి దిగింది, నీళ్ళు గరిక మీదుగా పోయి ఊరణిలో జానెడు నిలిచినాయి. కొద్దిగా మసక తిరిగినా తాగొచ్చు. మొదలాళి తమలపాకులు, పళని నుంచి వచ్చిన విభూతి పంపినాడు. తిరుమలమ్మాళ్ ఇంటింటికీ పోయి చెప్పింది.

నేను కూడా కాసేపు నమ్మినాను. మట్టి కుప్ప అక్కడే ఉంది.

అక్టోబర్ 19, పొద్దున ఏడు గంటలు

తెల్లవారక ముందు పట్టిన వాన. ఆగలేదు. ఆకాశం తూర్పు నుంచి పడమర దాకా ఒకటే రంగు. గుంట సగం నిండింది.

పది గంటలు

అయిదెకరాల నీళ్ళు ఒక్కచోటికి వస్తున్నాయి. దిమ్మిస కొట్టిన నేల, చుక్క ఇంకడం లేదు. అంత గట్టిగా కొట్టించింది నేనే. కుప్ప కింద పగుళ్ళు వచ్చినాయి.

సాయంత్రం

పదకొండు దాటినాక కుప్ప నడిచింది. రామక్కాళ్ అన్నట్టే, నడిచింది. చప్పుడు లేదు. కొండంత మట్టి మెల్లగా వంగి గుంటలోకి కూర్చుంది. గుంట అనేది లేకుండా పోయింది. పన్నెండడుగుల గరిక ఎంతసేపు ఆపుతుంది? నల్ల అంబలి ఊరణి మెట్ల మీదుగా దిగింది.

రామక్కాళ్ గడ్డపార పట్టుకుని, రోడ్డు మీదికి నీళ్ళు పోకుండా వేసిన ఉత్తరం కట్ట దగ్గరికి పరుగెత్తింది. అక్కడ తెగ్గొడితే నీళ్ళు రోడ్డు మీదికి పోతాయి. రోడ్డు కోసుకుపోతుంది, ఊరణి మిగులుతుంది. ఆమె రెండు పోట్లు పొడిచింది.

నేను పోయి ఆమె చేయి పట్టుకున్నాను. గవర్నమెంటు రోడ్డు, నా దస్కతు ఉంది, జైలు అన్నాను. మీ ఊరు సామీ, మీ ఊరు అని అరిచింది. నేను వదల్లేదు. కులం కాని మనిషిని తాకకూడదనే పట్టింపు కూడా అప్పుడు గుర్తుకు రాలేదు. వానలో ఇద్దరం అట్లా నిలబడినాం. తర్వాత ఆమె గడ్డపార కింద పడేసింది.

వాన రెండింటికి ఆగింది. రోడ్డుకు ఏమీ కాలేదు.

అక్టోబర్ 20

ఊరణి నిండింది. తొమ్మిది మెట్లూ మునిగినాయి. అంత నిండుగా నేను పుట్టినప్పటి నుంచి చూడలేదు. రంగు పెనం అడుగు మాదిరి.

ఆడవాళ్ళు బిందెలతో కట్ట మీద నిలబడినారు. ఎవరూ దిగలేదు. తిరుమలమ్మాళ్ వాళ్ళలో ఉంది. నేను పోతే అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చినారు. తిట్టి ఉంటే బాగుండేది.

అక్టోబర్ 21

తేట పడలేదు.

అక్టోబర్ 25

తేట పడదు. రేగడి పిండి అంత సన్నం, నెలలు తేలుతుంది. బిందె లోపల చిల్లగింజ అరగదీసి పోస్తే రెండు గంటలకు కొంచెం దిగుతుంది. అదీ మట్టి వాసనే. గడ్డివాసన కూడా పట్టింది. నాలుగిళ్ళలో పిల్లలకు విరేచనాలు.

ఆడవాళ్ళు పడమటి ఊరి మంచినీళ్ళ బావికి పోతున్నారు. పోను రెండు మైళ్ళు, రాను రెండు మైళ్ళు. అక్కడివాళ్ళు చేదుకున్నాకే వీళ్ళకు. పొద్దున పోతే మధ్యాహ్నం వస్తున్నారు. తిరుమలమ్మాళ్ నాకు అన్నం పెడుతుంది, నీళ్ళు పెడుతుంది, మాట్లాడదు. ఆ చెంబు నీళ్ళు ఎంత దూరం నడిచి వచ్చినాయో లెక్క వేసుకుని తాగుతున్నాను.

అక్టోబర్ 28

ఈ రోజు ఊరి కూటం. ఊరి పెద్ద పెరియసామి బావ. తిరుమలమ్మాళ్‌కు అన్న. నన్ను పిలవలేదు, నేనే పోయినాను.

ముందు దస్కతు సంగతి చెప్పినాను. చాలదని తెలిసి చాలుతుందని రాసినా అన్నాను. రామక్కాళ్ చేయి పట్టుకున్నది కూడా చెప్పినాను. బావ తల దించుకుని చాప పుల్లలు తుంచుతా ఉన్నాడు.

తర్వాత దారి ఒకటుందని చెప్పినాను. ఊరణి కట్ట తెగ్గొట్టి ఉన్న నీళ్ళన్నీ కింది చేలల్లోకి వదిలేయాల. అడుగున దిగిన బురద మొత్తం ఎత్తాల. పైన వాలును సరిచేయాల. కార్తిక వానలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఒక్క మంచి వాన పడితే తేట నీళ్ళు వస్తాయి.

పడకపోతే అని బావ అడిగినాడు. పడకపోతే ఈ బురద నీళ్ళు కూడా ఉండవు అన్నాను.

చాలాసేపు గోల. బురదైనా నీళ్ళు నీళ్ళే, గొడ్లైనా తాగుతాయి అన్నారు కొందరు. ఒక్కసారి మీ మాట నమ్మి ఇట్లా అయినాం అన్నది ఒకామె చాటు నుంచి. నిజమే. చివరకు బావ లేచినాడు. వీడు ఇప్పుడు చెప్పింది అబద్ధమైతే అది చెప్పడానికి ఇంతమంది ముందుకు రాడు, తెగ్గొట్టండి అన్నాడు. నా ముఖం చూడకుండా అన్నాడు.

అక్టోబర్ 31

మొదలాళి దగ్గరికి పోయినాను. ఊరి తరఫున కలెక్టరు కచేరీకి అర్జీ పోతుంది, దాంతో నా కాగితం కూడా పోతుంది, తెలిసి తప్పు ప్లాను ఇచ్చినానని అన్నాను. నెల కిందట ఓవర్సీరు ముందర నోట్లోనే ఆపుకున్న మాట ఇది.

ఆయన కోప్పడలేదు. అట్లా రాస్తే ముందు పోయేది మీ పనే కదా అన్నాడు. అవును అన్నాను. కొంతసేపు బండ్లు చూసినాడు. తర్వాత తన అమ్మ కూడా సాత్తూరు పక్కన ఊరణి నీళ్ళు మోసినదే అన్నాడు. అది ముందెందుకు గుర్తు రాలేదని నేను అడగలేదు. నాకు గుర్తుండి మాత్రం ఏం చేసినాను.

నలభై అడుగులు ఇచ్చినాడు. గుంట నేను చెప్పిన కొలతకు. కుప్ప దక్షిణపు మిట్టకు. అర్జీ వద్దు అన్నాడు. నా కాగితం నా దగ్గరే పెట్టుకున్నాను, చింపలేదు.

నవంబర్ 2

బావ మొదటి పార వేసినాడు. కట్ట తెగింది. నిండు ఊరణి కళ్ళ ముందర పోయింది. ముసలి పాపమ్మాళ్ అక్క ఏడ్చింది. మధ్యాహ్నానికి అడుగు కనపడింది. మోకాలి లోతు బురద.

నవంబర్ 9

ఏడు రోజులుగా బురద ఎత్తుతున్నాం. ఊరు మొత్తం, ఒడ్డర్లు మొత్తం. రామక్కాళ్ నాతో మాట్లాడదు, పనితో మాట్లాడుతుంది. ఇక్కడ లోతు చాలదు అనాలంటే అక్కడ గడ్డపార గుచ్చి పోతుంది. నేను తట్టలు మోసినాను. మెట్లు ఎక్కేటప్పుడు మోకాళ్ళలో ఇసుక పోసినట్టు ఉంది. తిరుమలమ్మాళ్ వరసలో నాకు ముందు నిలబడి తట్ట అందుకుంటుంది. ఒక్కోసారి వేళ్ళు తగులుతాయి.

పైన వాలు మీద వేళ్ళ మట్టితో కోసిన గరిక చెక్కలు తెచ్చి పరిచి, నీళ్ళు చల్లి, తొక్కించినాం. ఆ నీళ్ళు కూడా పడమటి ఊరి బావివే.

నవంబర్ 13

కట్ట పూడ్చి దిమ్మిస కొట్టినాం. గుంట అయింది, అంచుకు రాళ్ళు పేర్చినాం. ఊరణి శుభ్రంగా ఉంది. ఎండుగా ఉంది.

పని అయినాక రామక్కాళ్ బావను ఒకటి అడిగింది. నీళ్ళు వచ్చినాక మా వాళ్ళు కూడా మెట్లు దిగి ముంచుకోవచ్చా అని. వారం రోజులు ఆ మెట్ల మీదే బురద మోసినారు వాళ్ళు. బావ ఊరివాళ్ళ వైపు చూసినాడు. ఊరివాళ్ళు కట్ట వైపు చూసినారు. నేను ఇవ్వండి అన్నాను. ఊళ్ళో నా మాటకు ఇప్పుడు ఏం విలువ.

సరే సామీ అని ఆమె పోయి గాడిదలకు గడ్డి వేసింది.

నవంబర్ 16

ఎండ.

నవంబర్ 17

ఎండ.

నవంబర్ 20

ఒడ్డర్లు గుడిసెలు విప్పినారు. మేలూరులో రాళ్ళ పని ఉందంట. రామక్కాళ్ పోయే ముందు గుంట దాకా నడిచి, ఒక రాయి సరిగా లేదని తీసి మళ్ళీ పెట్టింది. ఆ రోజు నీ చేయి పట్టుకోకుండా ఉండాల్సింది అన్నాను. అవును అన్నది. దారిలో తాగడానికి మా ఇంట్లో ఉన్న రెండు బిందెల నీళ్ళు వాళ్ళ కుండల్లో తిరుమలమ్మాళ్ తనే పోసింది. నేను చెప్పలేదు.

నవంబర్ 24

మబ్బు పట్టింది. పోయింది.

నవంబర్ 29

కార్తిక దీపాల పండగ అయింది. ఇంకా వాన లేదు. ఎదురుపడితే బావ మాట్లాడుతున్నాడు, వాన సంగతి మాత్రం ఎత్తడు. అంత మర్యాద భరించడం కష్టంగా ఉంది. గరిక అంచులు పసుపు తిరిగినాయి. రోజూ నాలుగు చెంబులు పోస్తున్నాను. నలభై అడుగులకు నాలుగు చెంబులు.

డిసెంబర్ 4, మధ్యాహ్నం రెండు గంటలు

వాన.

గుంట దగ్గర నిలబడి రాస్తున్నాను, కాగితం తడుస్తా ఉంది. కళం మీద నుంచి నల్లగా వచ్చి గుంటలో తిరుగుతా ఉంది. నిండుతా ఉంది. రాళ్ళు కదల్లేదు. ఇప్పుడు అంచు దాటి గరికలోకి పాకుతా ఉంది. మెల్లగా. ముసలివాళ్ళు నడిచినట్టు.

సాయంత్రం

మూడు గంటలు కురిసి ఆగింది. ఊరణిలో నాలుగు మెట్లు. తేట. కట్ట పూడ్చిన రోజు కాయ కొట్టి బావ పడేసిన కొబ్బరి చిప్ప అడుగున కనపడుతుంది.

ఆడవాళ్ళు దిగినారు. పాపమ్మాళ్ అక్క తలమీద పోసుకుంది. నేను కంపౌండు గోడ దగ్గరే ఉండిపోయినాను.

డిసెంబర్ 8

నాలుగు మెట్లంటే, ఊళ్ళో ఇళ్ళు నలభై ఒకటి, ఇంటికి రోజుకు మూడు బిందెలు. పంగుణి నడిమి దాకా, అంటే మార్చి ఆఖరు దాకా వస్తాయి. ఆ తర్వాత మళ్ళీ పడమటి ఊరి బావే, వానలు వచ్చేదాకా. ఇంకో వాన పడుతుందని ఎవరూ అనుకోవడం లేదు. గాలి తిరిగింది.

ఈ లెక్క బావకు చెప్పినాను. తెలుసు అన్నాడు.

డిసెంబర్ 10

పొద్దున బిందె తీసుకుని పడమటి ఊరి బావికి బయలుదేరినాను. ఊరణిలో మా ఇంటి మూడు బిందెలు మిగలనీ. మొగవాడు బిందెతో పోతా ఉంటే దారిలో నవ్వినారు. మలుపు తిరిగితే తిరుమలమ్మాళ్ చింతచెట్టు కింద కూర్చుని ఉంది, తన బిందె పక్కన పెట్టుకుని. ఇంత మెల్లగా నడిస్తే వాళ్ళు మనకు మధ్యాహ్నం దాకా నీళ్ళివ్వరు అన్నది.